తీరబాట పరుగును బొమ్మలోకి తేవడం: దిగంతరేఖ, వాలు, తడి ఇసుక

బాటమలుపు

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ముల మీదుగా, ఇసుక దిబ్బల వెంట పరుగెత్తి, చూసిందాన్ని నీటిరంగుల్లో వేసేవాళ్లకు ఒక ప్రశ్న. పరుగు మధ్యలో ఫోన్‌తో ఫొటో తీసి, తర్వాత దాన్ని చూసి వేస్తే మూడు లోపాలు ప్రతిసారీ వస్తాయి. ఒకటి, దూరపు కొండకొమ్ము కుదించుకుపోతుంది. రెండు, కాళ్లకు అంత బాగా తెలిసిన ఎక్కుడూ దిగుడూ కాగితం మీద కనబడవు. బాట నేలకు అంటించిన పట్టీలా ఉంటుంది. మూడు, సముద్రమంతా ఒకే నీలం పలక అయిపోతుంది. రంగుల పేర్ల కన్నా ముందు ఏ కొలత ఎక్కడ తప్పుతోందో తెలిసినవాళ్లు చెబితే మేలు. పరుగుకు అడ్డురాని సామాను సంగతి కూడా చెప్పండి.

వెలుగునీడ

కొండకొమ్ము సంగతి తేలిక, అది ముందు. ఫోన్‌లో మామూలుగా తెరుచుకునేది వైడ్ లెన్స్. ఫిల్మ్ కెమెరా లెక్కలో దాదాపు 24–26 మి.మీ. అది చాలా వెడల్పు దృశ్యాన్ని చిన్న తెరలో ఇరికిస్తుంది కాబట్టి కాళ్ల దగ్గరి గడ్డి పెద్దదై, వెనకున్న కొండ చిన్నదవుతుంది. 2 రెట్ల జూమ్‌లో తీయండి. ముందే తీసేసి ఉంటే ఫొటోలో నడిమి సగాన్నే కత్తిరించి వాడండి. అక్కడ ఉన్నప్పుడే పెన్సిల్‌ను చెయ్యి చాచి పట్టుకుని, కొండకొమ్ము ఎత్తు దాని వెడల్పులో ఎన్నో వంతో కొలిచి రాసుకుంటే ఇంకా మంచిది. ఆ ఒక్క నిష్పత్తి ఉంటే ఫొటో చెప్పే అబద్ధం పట్టుబడుతుంది.

వాలు సంగతే అసలు విషయం. చదును నేల మీద బాట రెండంచులూ దిగంతరేఖ మీదే కలుస్తాయి. బాట దిగుతుంటే అవి కలిసే బిందువు దిగంతరేఖకు దిగువన ఉంటుంది, ఎక్కుతుంటే ఎగువన ఉంటుంది. తీరబాట బొమ్మల్లో నూటికి తొంభై చదునుగా ఉండటానికి కారణం, అలవాటుకొద్దీ ప్రతి బాటనూ తీసుకెళ్లి దిగంతరేఖకే కట్టేయడం.

లెక్క కూడా కష్టం కాదు. కాగితాన్ని కంటికి 30 సెం.మీ. దూరంలో పట్టుకుని చూస్తామనుకుందాం. పది అడుగులకు ఒక అడుగు దిగే బాట అంచులు దిగంతరేఖకు 3 సెం.మీ. కింద కలుస్తాయి. ఇరవైకి ఒకటి దిగితే 1.5 సెం.మీ. ఏ6 కాగితం అడ్డంగా పెడితే ఎత్తు 10.5 సెం.మీ. మాత్రమే. అందులో 3 సెం.మీ. అంటే ఎంత పెద్ద తేడానో చూడండి.

బాట వెడల్పుకు కూడా ఒక కొలత ఉంది. కంటి ఎత్తు 160 సెం.మీ., బాట వెడల్పు 60 సెం.మీ. అనుకుంటే, చదును నేల మీద బాట ఏ చోట ఎంత వెడల్పుగా గీయాలంటే, ఆ చోటు దిగంతరేఖకు ఎంత కింద ఉందో అందులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. దిగంతరేఖకు 8 సెం.మీ. కింద 3 సెం.మీ., 4 సెం.మీ. కింద 1.5 సెం.మీ. చాలామంది దూరపు బాటను ఈ కొలత కన్నా రెట్టింపు వెడల్పుగా వేస్తారు. అక్కడితో దూరం పోతుంది.

ఇక మిట్ట దాటి పల్లంలోకి దిగే చోటు. మిట్ట అంచున బాట కోసినట్టు ఆగిపోవాలి. మళ్లీ కనబడేచోట ఒక్కసారిగా సన్నబడి, కాస్త పక్కకు జరిగి మొదలవ్వాలి. ఆ రెండు వెడల్పుల మధ్య తేడాయే పల్లం లోతు. 2 సెం.మీ. దగ్గర ఆగి 4 మి.మీ. దగ్గర మళ్లీ మొదలైతే చూసేవాళ్ల మోకాళ్లకు ఆ దిగుడు తెలుస్తుంది. మిట్ట అంచు గట్టిగా, దాని వెనక పల్లం నేల ఒక టోన్ (ముదురు–లేత మెట్టు) తేలిగ్గా ఉండాలి.

బాటమలుపు

వెలుగునీడ గారూ, బాట దిగంతరేఖకు దిగువన కలుస్తుందన్న మాటతో చాలా విడిపోయింది. కృతజ్ఞతలు. ఇంకో చిక్కు ఉంది. ఒకే పరుగును ఐదారు పలకల మడత పుస్తకంలో వరసగా వేయాలంటే దిగంతరేఖను ఎక్కడ పెట్టాలి? ఇసుక మీద ఉన్నప్పుడు ఒకచోట, కొండ ఎక్కాక ఇంకోచోట పెట్టాలా?

పోటు_ఆటు

దిగంతరేఖ ఎప్పుడూ కంటి ఎత్తునే ఉంటుంది. మీరు 30 మీటర్లు పైకెక్కితే అదీ మీతో పాటు ఎక్కుతుంది. మారేది దాని కిందున్న నీటి పరుపు. ఒడ్డున నిలబడితే, కంటి ఎత్తు 1.6 మీటర్లకు దిగంతం దాదాపు 4.5 కి.మీ. దూరంలో ఉంటుంది. 30 మీటర్ల కొండకొమ్ము మీద నుంచి దాదాపు 20 కి.మీ.

వెలుగునీడ గారి 30 సెం.మీ. లెక్కనే తీసుకుందాం. ఒడ్డున నిలబడ్డప్పుడు 500 మీటర్ల దూరాన ఉన్న నీరు దిగంతరేఖకు 1 మి.మీ. మాత్రమే కిందుంటుంది. అదే నీరు కొండ మీద నుంచి 19 మి.మీ. కింద కనిపిస్తుంది. అలల మధ్య దూరం 50 మీటర్లు అనుకోండి. ఒడ్డు నుంచి 100, 150, 200 మీటర్ల దగ్గరి అలలు 4.8, 3.2, 2.4 మి.మీ. కింద పడతాయి. అంటే మూడూ కలిపి రెండున్నర మిల్లీమీటర్ల లోపే ఇమిడిపోతాయి. పైగా ముందున్న అల లేచి వెనకున్న వాటిని కప్పేస్తుంది. కొండ మీద నుంచి అవే అలలు 9.5, 6.3, 4.7 సెం.మీ. దగ్గర విడివిడిగా పరుచుకుంటాయి.

ఒడ్డు బొమ్మలో సముద్రం సన్నని పట్టీగా, అలలు ఒకదాన్నొకటి కప్పుతూ ఉండాలి. కొండ బొమ్మలో అదే సముద్రం వెడల్పుగా, అలలు గీతలుగీతలుగా పరుచుకోవాలి. ఒడ్డున నిలబడి చూస్తున్న బొమ్మలో కొండ మీది సముద్రాన్ని వేయడమే మామూలుగా జరిగే పొరపాటు.

తడికాగితం

అందుకే మడత పుస్తకంలో దిగంతరేఖను అన్ని పలకల్లోనూ ఒకే గీతగా నడపాలి. 56 × 76 సెం.మీ. పూర్తి షీటును 14 సెం.మీ. పట్టీలుగా కోస్తే నాలుగు వస్తాయి. ఒక్కో పట్టీ 76 సెం.మీ. పొడవు. ఐదు పలకలుగా మడిస్తే పలకకు 15.2 సెం.మీ. పై అంచు నుంచి 5 సెం.మీ. దగ్గర దిగంతరేఖ పొడవునా సాగాలి. దాని కింద 9 సెం.మీ. మిగులుతుంది. ఒడ్డు పలకలో అడుగు అంచు మీకు 5 మీటర్ల దూరంలోని ఇసుక, కొండ పలకలో అదే అంచు 100 మీటర్లకు పైన ఉన్న నీరు. దిగంతరేఖ కదలకుండా నేల కిందికి జారిపోతుంటే, ఎక్కుతున్నట్టు దానంతటదే తెలుస్తుంది.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితాన్ని ఊరికే మడిస్తే పీచు పగిలి, ఆ పగుల్లోకి రంగు దిగి నల్లగీత పడుతుంది. ముందే మడిచి వేస్తే వాష్ (పల్చగా పరిచే రంగునీరు) మడతలో నిలుస్తుంది. పట్టీని గట్టి అట్ట మీద చదునుగా క్లిప్పులతో బిగించి, రంగు పూర్తిగా ఆరాక, మొద్దు అంచుతో గాడి గీసి అప్పుడు మడవండి.

వెలుగునీడ

ఇక్కడ తడికాగితం గారితో కొంచెం విభేదిస్తాను. పరుగెత్తేవాళ్ల చూపు ఎప్పుడూ సూటిగా ఉండదు. రాళ్లున్న దిగుడులో చూపు రెండు మూడు అడుగుల ముందు నేల మీదే ఉంటుంది. ఆ పలకలో దిగంతరేఖ పై అంచుకు వెళ్లిపోవాలి, కొన్నిసార్లు చట్రం దాటి పోవాలి కూడా. తిరిగి ఎక్కుడు మొదలవగానే చూపు లేస్తుంది, ఆకాశం పెరుగుతుంది. ఒకే గీత నడిపితే అన్నీ సర్వే పటంలో ముక్కల్లా ఉంటాయి.

తడికాగితం

విడివిడి బొమ్మలకైతే మీ మాట సరే. మడత పుస్తకం మొత్తం విప్పినప్పుడు మాత్రం దిగంతరేఖ పలక పలకకూ ఎగిరితే, చూసేవాళ్లు దాన్ని నేల ఎత్తుపల్లం అనుకోరు, గీత తప్పింది అనుకుంటారు. చూపు దించిన పలక ఒకటి కావాలంటే దిగంతరేఖ అసలు కనబడకుండా నేల మాత్రమే వేయండి. గీత అటూ ఇటూ జరిగేదానికన్నా ఒకచోట మాయమవడం మేలు.

వెలుగునీడ

అది ఒప్పుకుంటాను. ఐదింటిలో ఒక్కటి పూర్తిగా నేల. మిగతా నాలుగింట్లో గీత కదలదు.

దిబ్బదారి

సామాను వైపు నుంచి. మొత్తం 300 గ్రాముల లోపు ఉంటే పరుగులో తెలియదు, 500 దాటితే వెన్ను మీద ఎగరడం మొదలవుతుంది. ఆరు ఏ6 ముక్కలు, 300 జీఎస్ఎం, ఒక్కోటి 5 గ్రాముల లోపే, అన్నీ కలిపి 28 గ్రాములు. కింద పెట్టుకోడానికి అదే కొలత గరుకు ప్లాస్టిక్ అట్ట ఒకటి, రెండు క్లిప్పులు. ఆరు హాఫ్ పాన్‌లు (రంగు నింపిన చిన్న డొప్పలు) పట్టే రేకు డబ్బా. కుంచె మూతలోకి వెళ్లే మడత బ్రష్ 8 నంబరు రౌండ్ ఒక్కటి చాలు. 4బీ పెన్సిల్ ముక్క. మంచినీళ్లు 100 మి.లీ., తాగే సీసాలోంచి తీయకుండా విడిగా. పాత నూలుగుడ్డ చిన్నది.

చెడిపోయే చోట్లు చెబుతాను. పాన్‌లు డబ్బాకు అంటించి లేకపోతే రెండో కిలోమీటరుకే ఊడి ఒకదాని మీద ఒకటి పడతాయి. ట్యూబులోంచి తాజాగా నింపిన రంగు రెండు మూడు రోజులు ఆరాకే తీసుకెళ్లాలి. నీళ్లు నిండే వాటర్ బ్రష్ వెన్ను వేడికి, వీపుసంచి ఒత్తిడికి కారుతుంది. దాన్ని ఖాళీగా తీసుకెళ్లి అక్కడే నింపుకోవాలి. కాగితాలు జిప్ సంచిలోనే ఉండాలి, చెమట తగిలిన చోట రంగు మచ్చలుగా పీల్చుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది సన్‌స్క్రీన్. అది చేతి వేళ్లకు ఉండి కాగితాన్ని పట్టుకుంటే, ఆ వేలిముద్రల మీద వాష్ పట్టదు. కనబడని ఆ జిడ్డు ఆకాశం వేసేటప్పుడే బయటపడుతుంది. కాగితం చుట్టూ టేపు అంచు వదిలి, అక్కడే పట్టుకోండి.

బాటమలుపు

పరుగు ఆపగానే చెయ్యి వణుకుతుంది కదా, అది ఆగేదాకా వృథాగా నిలబడాలా?

దిబ్బదారి

ఐదారు నిమిషాలు. గుండె వేగం మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే చాలా తగ్గుతుంది, సన్నటి వణుకు తగ్గడానికి ఇంకాస్త పడుతుంది. ఆ సమయంలో కుంచె ముట్టుకోవద్దు, కళ్లతో పని చేయండి. కళ్లు సగం మూసి, అక్కడున్నదాన్ని మూడు టోన్లుగా విడదీసి, ఏది అన్నిటికన్నా తెలుపు, ఏది అన్నిటికన్నా నలుపు అని తేల్చుకోండి. తర్వాత అగ్గిపెట్టెంత పెన్సిల్ బొమ్మ ఒకటి, మూడు టోన్లతో. పక్కన టైము, పోటా ఆటా, గాలి దిశ, సూర్యుడు ఏ వైపో రాయండి. ఫ్రెంచ్ చిత్రకారుడు బూదాఁ తన పాస్టెల్ ఆకాశాల మీద తేదీ, వేళ, గాలి రాసుకునేవాడు. ఆ నాలుగు మాటలు ఉంటే తర్వాత నీడ ఎటు పడాలో ఊహించాల్సిన పని ఉండదు.

మొదట వాష్ పెద్ద గీతలతో వేయండి, మోచేయి పక్కటెముకలకు ఆనించి. సన్న గీతలు చివరికి.

వెలుగునీడ

దీనికి ఒకటి కలపాలి. పోలరాయిడ్ కళ్లద్దాలు తీసేసి రెండు మూడు నిమిషాలు గడిచాకే రంగు కలపండి. అవి నీటి మీది మెరుపును కోసేస్తాయి, దగ్గరి నీట్లో అడుగు కనబడుతుంది, ఆకాశం ప్రతిబింబం పోతుంది. ఆ కళ్లతో వేసిన సముద్రం ఎంత శ్రద్ధగా వేసినా అక్కడున్న సముద్రం కాదు. కాగితాన్ని మీ నీడలోనే పెట్టుకోండి. ఎండలో తెల్లగా మెరిసే కాగితం మీద సరిగ్గా అనిపించిన టోన్లు గదిలో నల్లబడి కనిపిస్తాయి.

బాటమలుపు

ఇప్పుడు నీలం పలక సంగతి. సముద్రానికి ఎన్ని రంగులు, ఏ వరసలో వేయాలి?

పోటు_ఆటు

రంగుల సంఖ్య కన్నా ముందు, నీరు ఎక్కడ అద్దం, ఎక్కడ కిటికీ అన్నది తేలాలి. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీరు పై కాంతిలో 2 శాతం మాత్రమే తిప్పికొడుతుంది, కాబట్టి అడుగు కనిపిస్తుంది. నిశ్చలమైన నీటిని మట్టానికి 10 డిగ్రీల ఏటవాలుగా చూస్తే దాదాపు 35 శాతం తిప్పికొడుతుంది. కొండ అంచు కింది నీటిలో రాళ్లు, ఇసుక, పచ్చదనం ఉంటాయి. దూరపు నీటిలో ఆకాశమే ఉంటుంది.

అయితే దూరపు సముద్రం దిగంతం దగ్గరి ఆకాశం కన్నా ముదురుగానే ఉంటుంది. ఎందుకంటే అలలున్న నీట్లో మనకు కనబడేది మనవైపు వాలిన ముఖాలు. అవి దిగంతం దగ్గరి లేత ఆకాశాన్ని కాకుండా, ఇంకా పైనున్న ముదురు ఆకాశాన్ని చూపిస్తాయి. ఈ ఒక్క కారణం పట్టుకుంటే దిగంతరేఖ దగ్గర నీటి పట్టీని అర టోన్ ముదురు చేయాలని గుర్తుంటుంది. గాలి లేని, మసక కమ్మిన రోజున ఆ తేడా పోతుంది. అప్పుడు రేఖ గీయకుండా తడిమీద తడిగా కలిసిపోనివ్వాలి.

విరిగే అల లోతును చెబుతుంది. నీటి లోతు అల ఎత్తుకు దాదాపు 1.3 రెట్లకు తగ్గినచోట అల విరుగుతుంది. మీటరు అల 1.3 మీటర్ల లోతులో. అంచేత నురుగు గీతలు అడుగు ఆకారాన్ని అచ్చుగుద్దినట్టు చూపిస్తాయి. బయట ఒక ఇసుక మేట ఉంటే అక్కడొక నురుగు వరస, తర్వాత లోతైన ముదురు నీరు, మళ్లీ ఒడ్డు దగ్గర నురుగు. నురుగు వరస మధ్యలో ముదురు ఖాళీ కనిపిస్తే, నీరు వెనక్కి లాగే పాయ చాలాసార్లు అక్కడే ఉంటుంది. బొమ్మలో ఆ ఖాళీని అందంగా లేదని నురుగుతో పూడ్చకండి. ఆ తీరం గుర్తే అది. పరుగు తర్వాత ఒళ్లు చల్లబరుచుకోవడానికి దిగేచోటు మాత్రం అది కాదు.

కొండకొమ్ము దగ్గర అలలు దాన్ని చుట్టి వంగుతాయి, చిన్న అఖాతంలో ఒడ్డు ఆకారానికి దాదాపు సమాంతరంగా విచ్చుకుంటాయి. అన్ని అలల్నీ కాగితం అంచుకు సమాంతరంగా గీస్తే అఖాతం చదును చెరువైపోతుంది.

తడికాగితం

రంగులు ఆరు చాలు: అల్ట్రామెరైన్ పీబీ29, థాలో బ్లూ పీబీ15, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, క్వినాక్రిడోన్ రోజ్ పీవీ19, లెమన్ యెల్లో (పీబీ, పీవీ అన్నవి ట్యూబు మీద ఉండే పిగ్మెంట్ సంఖ్యలు). తెలుపు గ్వాష్ (కింది రంగును కప్పేసే నీటిరంగు) 5 మి.లీ. ట్యూబు ఒకటి విడిగా.

ఆకాశం నుంచి దూరపు నీటిదాకా అల్ట్రామెరైన్‌కు చిటికెడు రోజ్. మధ్య నీటికి అల్ట్రామెరైన్ మూడు పాళ్లు, థాలో ఒక పాలు. థాలో ఒక్కటే వాడితే బొమ్మ మొత్తాన్ని మింగేస్తుంది, పైగా కాగితానికి మచ్చలా పట్టి, తడిపి తీసేయడానికి రాదు. అందుకే దాన్ని ఎప్పుడూ కుంచె కొనతోనే తీసుకోవాలి. లేచిన అల పల్చటి పైఅంచు వెనక నుంచి వెలుగు పడితే పచ్చగా వెలుగుతుంది. నీరు మొదట ఎరుపును పీల్చేస్తుంది కాబట్టి ఆ పలచని గోడలోంచి వచ్చేది పచ్చనీలమే. అక్కడ లెమన్ యెల్లోలో థాలో చుక్క. ఆ పచ్చ అల మొత్తానికి కాదు, శిఖరం కింద వేలెడు మేరకే. అల మొదలుకు వచ్చేసరికి ముదరాలి.

నురుగు తెలుపు కాదు. వెలుగు తగిలే పైభాగం మాత్రమే కాగితం తెలుపు, మిగతాది అల్ట్రామెరైన్, రోజ్, ఇసుమంత బర్న్ట్ సియెన్నా కలిపిన చాలా పల్చటి బూడిదరంగు. విరిగిన అల కింద ఆ నీడ లేకపోతే నురుగు అంటించిన దూదిలా ఉంటుంది.

నురుగు కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్ (కాగితం తెలుపును కాపాడే జిగురు) బాటలో వాడొద్దు. ఎండలో గంటల తరబడి ఉంటే గట్టిపడి కాగితం పొరతో సహా లేస్తుంది. తెలుపు వదిలేయడం, లేదా సగం ఆరిన కుంచెను పడుకోబెట్టి గరుకు కాగితం మీద లాగడం మేలు. సూర్యుడు ఎదురుగా ఉంటే నీటి మీది మెరుపుదారి కూడా ఇలాగే వస్తుంది. సూర్యుడు దిగేకొద్దీ ఆ దారి సన్నబడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

గ్వాష్_గిన్నె

తడికాగితం గారూ, తెలుపు వదలడం గదిలో చక్కగా కుదురుతుంది, గాలిలో నిలబడి ఐదు నిమిషాల్లో వేసేటప్పుడు అంత తేలిక కాదు. అలాంటిచోట గ్వాష్ మంచిది. ముదురు నీరు ముందు వేసి, ఆరాక నురుగు పైన పెట్టొచ్చు. ఆకారం తప్పితే మళ్లీ నీరు పూసి దిద్దొచ్చు. చిక్కు ఒక్కటే. ఆరాక ముదురు రంగులు లేతబడతాయి, లేత రంగులు కాస్త ముదురుతాయి. అందుకని అదే కాగితం ముక్క మీద చుక్క పెట్టి, ఆరనిచ్చి పోల్చుకోవాలి. గాలికి గిన్నెలోనే ఎండిపోతుంటుంది. తడిపిన నూలుగుడ్డ మీద చిన్న చిన్న ముద్దలుగా పెట్టుకుంటే అరగంట నిలుస్తుంది.

తడికాగితం

ఒప్పుకుంటాను, ఒక హద్దుతో. తెలుపు గ్వాష్ వేసినచోట పారదర్శకత పోతుంది, పచ్చగా వెలిగే అల శిఖరం మీద దాన్ని తాకించొద్దు. చివరి తుంపర్లకు వాడితే సరిపోతుంది.

బాటమలుపు

తడి ఇసుక గురించి ఎవరూ చెప్పలేదు. ఆటులో పరుగు ఎక్కువగా సాగేది దాని మీదే.

పోటు_ఆటు

తడి ఇసుక పొడి ఇసుక కన్నా ముదురు. గింజల మధ్య నీరు నిండినప్పుడు కాంతి పైకి తిరిగి రాకుండా లోపలికే ఎక్కువ దూరం వెళ్లి పీల్చుకుపోతుంది. రంగు అదే, టోన్ మాత్రం రెండు మెట్లు దిగుతుంది. దాని మీద నీటి పొర నిలిచినచోట మళ్లీ అద్దం. కాబట్టి ఒడ్డున మూడు పట్టీలు: పొడి ఇసుక లేత, తడి ఇసుక ముదురు, నీటి పొర ఆకాశపు రంగు. అల వెనక్కి వెళ్లాక ఆ అద్దం కొన్ని క్షణాల్లో ఇంకిపోతుంది. దాన్ని వేస్తే అల ఇప్పుడే వెళ్లిందని తెలుస్తుంది.

తడికాగితం

వేసే పద్ధతి: రా సియెన్నాకు చిటికెడు అల్ట్రామెరైన్ కలిపి ఇసుక మొత్తం ఒక వాష్. అది మెరుపు పోయి మసకగా కనబడే దశలో, తడి పట్టీ మీద బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ చిక్కగా. నీళ్లు ఎక్కువైతే పువ్వులా మచ్చ విచ్చుకుంటుంది. కుంచెను గుడ్డకు ఒకసారి ఒత్తి వేయాలి. ప్రతిబింబాలు నిట్టనిలువుగా లాగాలి, అంచులు మెత్తగా. తీరం వెంట సాగే గీతలు మాత్రం అడ్డంగా. నిలువు గీతలు, అడ్డగీతలు కలిసినప్పుడే అది తడిగా కనిపిస్తుంది.

పొగమంచు ఉదయాల్లో వాష్ ఆరదు. ఆరకముందే రెండో పొర వేస్తే బురద. ఆ రోజుల్లో ఒకే వాష్‌లో ముగించి, గట్టి అంచులు ఇంటికి వదిలేయండి.

గ్వాష్_గిన్నె

రాళ్ల మీది పట్టీలు కూడా. చాలా రాతి తీరాల్లో పోటు గుర్తు దగ్గర నల్లటి పట్టీ, దాని కింద తెల్లటి గరుకు పట్టీ, ఇంకా కింద గోధుమరంగు నాచు ఉంటాయి. అవి నీటిమట్టంతో ఏర్పడ్డవి కాబట్టి రాళ్లన్నిటి మీదా ఒకే మట్టంలో సాగుతాయి. కంటికి దిగువన ఉన్నాయి కాబట్టి దూరం వెళ్లేకొద్దీ దిగంతరేఖ వైపు ఎక్కుతూ పోవాలి. రాయి రాయికీ వేర్వేరు ఎత్తులో వేస్తే తీరమంతా ఊగిపోయినట్టుంటుంది.

బాటమలుపు

ఇంకొక్కటి. పరుగులో ఉన్న కదలికను బొమ్మలో ఎలా చూపాలి? అంతా చెరిపేసినట్టు వేస్తే కదులుతున్న కెమెరా ఫొటోలా ఉంటుంది.

వెలుగునీడ

ఆ మసక అబద్ధం. తల ఎంత ఊగినా కన్ను తన స్థానాన్ని సర్దుకుంటూనే ఉంటుంది, అందుకే పరుగులో దూరపు కొండ చెదరదు. జరిగేది దగ్గరి గడ్డి, రాళ్లు మాత్రమే. అవి కూడా ఎటుపడితే అటు కాదు, మీరు వెళ్తున్న బిందువు నుంచి అన్ని దిక్కులకూ విచ్చుకుంటూ వెనక్కి పోతాయి. ఆ బిందువును కాగితం మీద చుక్కగా పెట్టుకోండి. బాట కనుమరుగయ్యే చోటు. అక్కడ అంచులు గట్టిగా, వివరం ఉండాలి. అక్కడి నుంచి దూరం వెళ్లేకొద్దీ కుంచెగీతలు పొడవుగా, ఆ చుక్క నుంచే బయల్దేరినట్టు, పొడిగా ఉండాలి. కాగితం మూలల్లో వివరం వద్దు. గడ్డి పోచల్ని నిలువుగా గీసుకుంటూ పోతే పరుగు అక్కడే ఆగిపోతుంది.

దిబ్బదారి

ఆగకుండా పరుగెత్తి ఇంటికొచ్చి జ్ఞాపకంతో వేయాలనుకునేవాళ్లకు: చిత్రకారుడు విస్లర్ రాత్రివేళ థేమ్స్ నదిని చూసి, దానికి వీపు తిప్పి, చూసింది పక్కనున్నవాళ్లకు అప్పజెప్పేవాడు. తర్వాతే వేసేవాడు. పరుగులో ఇది కుదురుతుంది. ఒక మలుపు దాటగానే ఆ మలుపులో చూసిన టోన్ల వరసను మాటల్లో చెప్పుకోండి: "ఆకాశం లేత, కొండ ముదురు, నీరు నడిమి, ఇసుక లేత." మలుపుకు నాలుగు మాటలు, మూడు మలుపులు చాలు.

బాటమలుపు

అదే చోటుకు మళ్లీ వెళ్లి కొనసాగించాలంటే? మర్నాడు అదే వేళకు వెళ్తే నీరు వేరేచోట ఉంటుంది.

పోటు_ఆటు

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారం తర్వాత అదే వేళకు వెళ్తే, రోజుకు రెండు పోట్లుండే తీరాల్లో పోటు ఉండాల్సినచోట ఆటు ఉంటుంది. అదే వేళ, అదే నీటిమట్టం మళ్లీ కలిసేది 14–15 రోజులకు. సూర్యుడి ఎత్తు కొద్దిగానే మారి ఉంటుంది. కాబట్టి పెద్ద బొమ్మను అక్కడే వేస్తుంటే రెండు వారాలకు ఒక విడతగా పెట్టుకోండి. ఒక్కో విడత గంట దాటకూడదు, గంటలో సూర్యుడు 15 డిగ్రీలు జరుగుతాడు.

పోటు పట్టిక రెండుసార్లు చూసుకోవడం మరో కారణానికి. 1885లో ఫ్రాన్స్ తీరాన ఎత్రెతా దగ్గర కొండ వంపు కింద వేస్తున్న చిత్రకారుడు మోనే పోటు వేళ తప్పుగా అంచనా వేశాడు. అల వచ్చి అతన్ని రాతికి కొట్టింది, ఈజిల్, రంగులు, బొమ్మ పోయాయి. కొండకొమ్ము చుట్టూ ఇసుక మీదుగా వెళ్లే బాట పోటులో మూసుకుపోయేదైతే, ఆటు అడుగుకు చేరే గంట ముందు వెళ్లి, నీరు తిరిగేలోపు కుంచె కడిగేయాలి. కొండ పైన కూర్చునేవాళ్లు అంచుకు కనీసం రెండు మూడు నిలువుల దూరం ఉండాలి. కింద అల తొలిచిన చోటు పైనుంచి కనబడదు.

గ్వాష్_గిన్నె

మంచినీళ్లు అయిపోతే సముద్రపు నీటితో కలపొచ్చా?

తడికాగితం

వద్దు. లీటరు సముద్రపు నీట్లో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. కాగితంలో స్ఫటికాలుగా మిగిలి, తేమ వచ్చినప్పుడల్లా నీరు పీల్చుకుంటాయి. బొమ్మ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, అద్దం కింద పెడితే బూజు పట్టే అవకాశం ఉంటుంది. కుంచె లోహపు గొట్టం కూడా తుప్పు పడుతుంది. నీళ్లు చాలకపోతే పెన్సిల్ టోన్లతో ఆపేసి, మిగతాది ఇంట్లో వేయండి. ఒడ్డున తుంపర తగిలిన కుంచెను అదే రోజు మంచినీళ్లలో కడగండి.

దిబ్బదారి

ఇసుక గింజలు రంగులో అంటుకుంటే తడిగా ఉండగా వేలితో తుడవొద్దు, గీతలు పడతాయి. పూర్తిగా ఆరాక పొడి మెత్తటి కుంచెతో దులపండి. రాలనివి ఉంచేయండి. మోనే 1870లో త్రూవిల్ ఒడ్డున వేసిన బొమ్మ రంగులో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి.

బాటమలుపు

ఐదు పలకల పట్టీ, దిగంతరేఖ పైనుంచి 5 సెం.మీ., మూడో పలక నేల మాత్రమే. ముందు వాలు బిందువులు పెన్సిల్‌తో పెట్టి ఇక్కడ పెడతాను. కొలతలు తప్పుంటే రంగు వేయకముందే చెప్పండి.

వెలుగునీడ

పెట్టండి. ప్రతి పలక కింద కంటి ఎత్తు ఎన్ని మీటర్లో, బాట పదికి ఎంత ఎక్కుతుందో దిగుతుందో రాయండి. అవి లేకుండా గీతలు చూసి చెప్పడం కుదరదు.